క్యాన్సర్ మాత్ర చవకైంది, పరీక్ష ఇంకా దూరంగానే ఉంది

మా మేనమామది బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల మామిడి తోట, అంతా తోతాపురే. ఎడమ డొక్కలో బరువుగా ఉందని, రెండు ముద్దల సంగటికే కడుపు నిండిపోతోందని చాన్నాళ్ళు గ్యాస్ మాత్రలు మింగాడు. చివరికి చిత్తూరులో రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 1,80,000. మామూలుగా 11,000 దాటకూడదు. డొక్కలో బరువు గ్యాస్‌ది కాదు, ఉబ్బిన ప్లీహానిది (స్ప్లీన్). జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, డాక్టర్లు సీఎంఎల్ అంటారు. బ్లడ్ క్యాన్సర్ అనగానే ఇంట్లో ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీరా డాక్టరు రాసిచ్చింది రోజుకొక మాత్ర. ఇమాటినిబ్ 400, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో.

ఒక్క మాత్రకు క్యాన్సర్ లొంగుతుందంటే ఊళ్ళో నమ్మినవాళ్ళు తక్కువ. అది ఎలా లొంగుతుందో తెలియాలంటే ప్రొటీన్ కైనేజ్‌ల సంగతి కొంచెం తెలియాలి.

కణంలో ఒక పని మొదలవ్వాలంటే ఒక ప్రొటీన్ ఇంకో ప్రొటీన్‌ను తట్టి లేపాలి. ఆ పని కైనేజ్‌లది. ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ ముక్కను తెంచి ఎదుటి ప్రొటీన్‌కు అతికిస్తాయి. పని అయ్యాక ఫాస్ఫటేజ్‌లనే ఎంజైములు వచ్చి ఆ ముక్కను ఊడదీస్తాయి. మనిషిలో ఇలాంటి కైనేజ్‌లు 500కు పైనే ఉన్నాయి. బావి దగ్గర మోటారు స్టార్టర్‌ను గుర్తు తెచ్చుకోండి. పచ్చ బటన్ నొక్కితే మోటారు ఆడుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. పచ్చ బటన్ లోపలే ఇరుక్కుపోతే మడి నిండినా నీళ్ళు పారుతూనే ఉంటాయి. సీఎంఎల్‌లో జరిగేది అదే. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ అనే అతుకుల ప్రొటీన్ పుడుతుంది. ఏబీఎల్ అనే కైనేజ్‌కు ఉండాల్సిన అదుపు ఆ అతుకులో పోతుంది. కణాలు పుట్టమనే ఆదేశం ఇక ఆగదు.

ఏటీపీ పేరు వచ్చింది కాబట్టి తెలుగువాళ్ళం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఏటీపీని కనుగొన్నది 1929లో. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. తర్వాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లల్లో జబ్బును కొన్నాళ్ళయినా వెనక్కి నెట్టగలిగాడు. ఆ ఫలితాలు వెలువడింది 1948లో, సుబ్బారావు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. ఇమాటినిబ్ వెళ్ళి కూర్చునేది ఆ ఏటీపీ కూర్చోవాల్సిన గుంటలోనే. చోటు లేక ఏటీపీ బయటే ఉండిపోతుంది, కైనేజ్‌కు అతికించడానికి ఫాస్ఫేట్ దొరకదు. మామ మింగే మాత్రకూ మన సుబ్బారావుకూ ఉన్న ఈ సంబంధం తెలిసిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది.

అమెరికాలో ఇమాటినిబ్‌కు అనుమతి 2001 మేలో వచ్చింది. ఆ తర్వాత గెఫిటినిబ్, ఎర్లోటినిబ్, సొరాఫెనిబ్, ఓసిమెర్టినిబ్ అంటూ వరుస కట్టాయి. పేరు చివర 'నిబ్' కనిపిస్తే అది దాదాపుగా కైనేజ్‌ను అడ్డుకునే మందే. ధర విషయంలో మన దేశం గట్టిగా నిలబడింది. స్విస్ కంపెనీ నోవార్టిస్ అమ్మే ఇమాటినిబ్ నెలకు లక్షా 20 వేల రూపాయలు పలికిన రోజుల్లో మన కంపెనీల మందు 8 నుంచి 10 వేలకు దొరికేది. పేటెంట్ కావాలన్న నోవార్టిస్ వాదనను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అంతకు ఏడాది ముందే, బేయర్ నెలకు 2 లక్షల 80 వేలకు అమ్ముతున్న సొరాఫెనిబ్‌ను 8,800కు అమ్మేలా హైదరాబాద్‌లోని నాట్కోకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంట్ వేరేవాళ్ళదైనా మందు తయారుచేసుకునే అనుమతి, ఇచ్చారు. ఆ రెండు నిర్ణయాల వల్ల ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో!

అయితే మాత్ర చవకైతే సగం పనే అయినట్టు. ఏ కైనేజ్ చెడిందో పరీక్షలో తేలకుండా మాత్ర ఇస్తే లాభం లేకపోగా నష్టం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే కైనేజ్‌లో మార్పు ఉన్నవాళ్ళకు గెఫిటినిబ్ కీమో కంటే బాగా పనిచేసింది. మార్పు లేనివాళ్ళకు కీమోనే మేలు. తూర్పు ఆసియాలో జరిపిన ఐపాస్ అధ్యయనం 2009లోనే ఈ సంగతి తేల్చింది. మన పల్లెల్లో దగ్గు, ఆయాసం అంటే ముందు టీబీ అనుకుంటారు. నెలల తరబడి టీబీ మందులు వాడి, ఆ తర్వాత ముక్క పరీక్షకు (బయాప్సీకి) వెళ్ళేవాళ్ళు ఉన్నారు. అప్పటికే చేతిలో సమయం ఉండదు. పైగా ఈ క్యాన్సర్ సీఎంఎల్ లాంటిది కాదు. అక్కడ చెడింది ప్రధానంగా ఒక్క స్టార్టర్, ఇక్కడ దెబ్బతిన్నవి చాలా ఉంటాయి. గెఫిటినిబ్ లాంటి తొలితరం మందులు చాలామందిలో ఏడాది అటూఇటుగా పనిచేసి, ఆ తర్వాత పనిచేయడం మానేస్తాయి. అప్పుడు మళ్ళీ పరీక్ష చేసి, కొత్తగా వచ్చిన మార్పేమిటో చూసి మందు మార్చాలి.

సీఎంఎల్‌లోనూ పరీక్షే దిక్కు. మూడు నెలలకోసారి రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత ఉందో కొలుస్తారు. మూడో నెలకు 10 శాతం లోపుకు, ఏడాదికి 0.1 శాతానికి దిగితే మందు బాగా పనిచేస్తున్నట్టు. మామకు 0.2 దాకా దిగింది. సరిగ్గా అప్పుడే కాయ కోతకొచ్చింది. ఆసుపత్రిలో మాత్రలు ఒక నెలకే ఇస్తారు. ఒకసారి వెళ్తే స్టాకు లేదు, వారం ఆగి రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళలేదు. నేను అడిగితే, "బాగానే ఉండా కదా అల్లుడూ, అది మింగితే కండ్లు ఉబ్బుతాయి, పిక్కలు పట్టేస్తాయి" అన్నాడు. నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలల్లో మామకు పల్ప్ ఫ్యాక్టరీ నుంచి, మండీ నుంచి, కూలీల మేస్త్రీ నుంచి ఫోన్లు వచ్చాయి. ఆసుపత్రి నుంచి ఒక్కటి కూడా రాలేదు. నేనే బలవంతంగా రక్తం ఇప్పిస్తే 9 శాతం అని వచ్చింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని ల్యాబ్ మెట్ల మీదే కూలబడ్డాను.

తిరుపతికి ఇప్పుడు కొరత పెద్ద భవనాలు కాదు. స్విమ్స్ ఉంది. టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో అలిపిరి దగ్గర తెరుచుకుంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ ఎటూ ఉండనే ఉంది. కానీ మాత్రల మీద ఏళ్ళ తరబడి బతికే రోగికి కావాల్సిన ఏర్పాటు వేరు. జబ్బు అదుపులో ఉన్నవాళ్ళకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. రక్తం చిత్తూరులోనే తీసుకుని అదే రోజు తిరుపతి ల్యాబ్‌కు పంపాలి, 70 కిలోమీటర్లే కదా. ఎన్టీఆర్ వైద్య సేవలో మాత్రకు ఎంత విలువ ఇస్తారో పరీక్షకూ అంతే ఇవ్వాలి. తేదీ దాటినా రాని రోగికి ఫోన్ చేయడానికి ఒక మనిషిని పెట్టాలి. నా లెక్కలో వీటన్నిటిలో అతి ముఖ్యమైనది ఈ ఫోనే. ఏ ఖరీదైన యంత్రమూ దీని పని చేయదు.

రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ బాగా అడుగుకు దిగి, ఏళ్ళ తరబడి అలాగే నిలిచినవాళ్ళకు మాత్ర ఆపి చూసే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. అలా ఆపినవాళ్ళలో సుమారు సగం మందికి జబ్బు తిరగబెట్టడం లేదు. దానికీ మొదట్లో తరచూ పరీక్ష చేస్తూ ఉండాలి. మామకు ఈ మాట చెప్పినప్పటి నుంచి మాత్ర మానలేదు. పోయిన పరీక్షలో 0.06 వచ్చింది. ఆ కాగితాన్ని కాయల లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాడు. తర్వాతి రక్తం తేదీని గోడ క్యాలెండర్‌లో, కోత మొదలయ్యే రోజు పక్కనే, ఎర్ర ఇంకుతో చుట్టాడు.