నాచు పొడి సంచి కోసం టీకా మానేయకండి

హైదరాబాద్ చుట్టూ ఉన్న పాడి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చేతులు మారుతూనే ఉంది. రోజుకు 50 గ్రాముల సముద్రపు నాచు పొడి దాణాలో కలిపితే పాలు రెట్టింపవుతాయట. విదేశాల్లో గొర్రెలు నాచు మేసే బతుకుతున్నాయట. పశువు కడుపులో గ్యాస్ 80 శాతం తగ్గుతుందని సైంటిస్టులు తేల్చారట. సహజమైనది కాబట్టి ఎంత పెట్టినా నష్టం లేదట. ఇది వాడితే టీకాలతో పనే లేదట.

నాచుకు నేను వ్యతిరేకిని కాను. అందులో ఖనిజాలున్నాయి. పేగుల్లో మేలు చేసే బాక్టీరియాకు ఆహారమయ్యే పదార్థాలూ కొన్ని రకాల్లో ఉన్నాయి. నా అభ్యంతరమంతా ఆ మెసేజ్‌తోనే.

పాల సంగతి తొందరగా తేల్చేద్దాం. దిగుబడి ఎంతన్నది జాతిని బట్టి, ఈని ఎన్ని నెలలైందన్న దాన్ని బట్టి, మేతలో అందే శక్తి, మాంసకృత్తులను బట్టి ఉంటుంది. ఒంటి పోషణకు పెట్టే దాణా కాక, ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో దాణా పెట్టాలన్నది బర్రెలకు వాడే లెక్క. ఆ కిలో చేసే పని 50 గ్రాముల పొడి చేయలేదు. ఖనిజ లోపమున్న పశువు దీనితో కొంత తేరుకుంటే తేరుకోవచ్చు. ఆ మేలు మామూలు మినరల్ మిక్స్చర్‌తోనూ జరుగుతుంది.

గొర్రెల మాట నిజమే, కానీ సగమే చెప్పారు. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో నార్త్ రొనాల్డ్‌సే అనే దీవి ఉంది. 1832లో అక్కడ దీవి చుట్టూ రాతి గోడ కట్టి, పచ్చిక లోపలుంచి, గొర్రెలను ఒడ్డు వైపు ఉంచేశారు. అప్పటి నుంచి వాటికి ప్రధానమైన మేత నాచే. నాచులో రాగి తక్కువ కాబట్టి, దొరికిన కాస్త రాగినీ ఒంటికి పట్టించుకునేలా ఆ జాతి తయారైంది. ఎంతగా అంటే, మామూలు పచ్చిక మీద వదిలితే రాగి ఎక్కువై చచ్చిపోయే ప్రమాదముంది. దక్కన్ గొర్రె ఆ జాతీ కాదు, ఆ బతుకూ కాదు. జియాగూడ మార్కెట్‌లో గొర్రె పిల్లలను కొని తెచ్చుకున్న మనిషి ఆ దీవిని చూసి ఏం నేర్చుకోవాలి?

గ్యాస్ సంగతి దీనికన్నా పెద్దది. 80 శాతం అన్న అంకె గాలిలోంచి రాలేదు. కాలిఫోర్నియాలో మాంసపు పశువుల మీద చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో మీథేన్ అనే ఆ గ్యాస్ అంతగా తగ్గింది. అయితే ఆ ఫలితం ఆస్పరాగోప్సిస్ అనే ఒక ఎర్ర నాచుది. అందులోని బ్రోమోఫామ్ అనే రసాయనం పెద్ద పొట్టలో మీథేన్ తయారవకుండా అడ్డుకుంటుంది. అది ఇట్టే ఆవిరైపోయే పదార్థం, ఎండబెడితే చాలావరకు పోతుంది. ఏ నాచో కూడా రాయని ఎండు పొడికి ఆ అంకె తగిలించడం మోసం. అసలు నాచు దొరికినా పాడి పశువు విషయంలో జాగ్రత్త పడాల్సిందే. కాలిఫోర్నియాలోనే 2019లో వచ్చిన పాడి ఆవుల ప్రయోగంలో మేతలో ఒక శాతం కలిపినప్పుడు తిండి 38 శాతం, పాలు సుమారు 12 శాతం తగ్గాయి. 2021 నాటి నెదర్లాండ్స్ పరిశోధనలో బ్రోమోఫామ్ పాలలోనూ మూత్రంలోనూ కనిపించింది.

"సహజం కాబట్టి ఎంతైనా పెట్టొచ్చు" అన్న మాటే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది. నాచు సముద్రంలోంచి అయోడిన్‌ను పీల్చుకుని దాచుకుంటుంది. ఎంత దాచుకుంటుందన్నది రకాన్ని బట్టి ఉంటుంది. కెల్ప్ జాతి గోధుమ నాచుల్లో కిలో పొడికి 3000 మిల్లీగ్రాములు కూడా ఉండొచ్చు. ఆ లెక్కన 50 గ్రాముల్లో 150 మిల్లీగ్రాములు. తేమ తీసేసి లెక్కేస్తే రోజుకు 12 కిలోల మేత తినే బర్రెకు, కిలో మేతకు 12.5 మిల్లీగ్రాములు పడుతుంది. పాడి పశువుల మేతకు యూరప్‌లో పెట్టిన పరిమితి కిలోకు 5 మిల్లీగ్రాములు. అదే 50 గ్రాములు మరో రకం నాచైతే ఆ పరిమితిలోపే ఉండొచ్చు. సంచి మీద నాచు పేరూ లేక, అయోడిన్ ఎంతో కూడా లేకపోతే రైతు ఏం లెక్క వేసుకుంటాడు?

ఎక్కువైన అయోడిన్ బర్రెతో ఆగదు, పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలు, గర్భిణులు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, మనం ఎటూ అయోడిన్ ఉప్పే తింటున్నాం. తక్కువైనా ఎక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది. కొన్ని నాచులు ఆర్సెనిక్ అనే విషాన్నీ పీల్చుకుంటాయి. హిజికి అనే నాచును తినొద్దని బ్రిటన్ ఆహార సంస్థ 2004లోనే జనానికి చెప్పింది.

ఇక టీకా. గాలికుంటు వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. ఏ నాచూ దాన్ని ఆపినట్టు రుజువు లేదు. టీకా వేసిన రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గుతాయన్న భయం రైతుల్లో ఉంది, తగ్గడం నిజమే కూడా. ఆ మెసేజ్ ఆ భయాన్నే పట్టుకుంది. కానీ గాలికుంటు వస్తే నోరు, గిట్టలు పుండ్లు పడి పశువు మేత మానేస్తుంది, కొన్ని ఆ తర్వాత మునుపటిలా పాలివ్వవు. దూడలైతే చచ్చిపోతాయి కూడా. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ టీకా ఆరు నెలలకోసారి ఉచితం. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకు, గర్భస్రావం తెచ్చే బ్రూసెల్లా జబ్బుకు టీకా ఒక్కసారి చాలు. గొంతువాపు టీకా వానలు పడకముందే వేయించుకోవాలి.

ఇప్పటికే పొడి కొన్నవాళ్లు సంచి మీద నాచు పేరు, అయోడిన్ శాతం ఉన్నాయేమో చూడండి. లేకపోతే చూడి పశువుకూ పాలిచ్చే పశువుకూ పెట్టకండి. ఉన్నా సరే, అయోడిన్ కలిసిన మినరల్ మిక్స్చర్‌తో పాటు వాడేముందు డాక్టర్‌ను అడగండి. పొదుగు వాచినా, మేత మానేసినా 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ ఊళ్లోకే వస్తుంది.