ప్లాస్టిక్కే కదా అని లాగకండి

"ప్లాస్టిక్కే కదా, ఏమవుద్ది" అనే మాట మన మెకానిక్ షాపుల్లో ఇక వినబడకూడదు. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, ఏ ఊరికి వెళ్ళినా ఇదే తంతు. మోటార్ సైకిల్ ఇంజిన్ విప్పేటప్పుడు ఒక్కో నట్టూ వరుసగా గుడ్డ మీద పేర్చుకునే మిస్త్రీ కూడా, వెనక ప్యానెళ్ళ, అంటే సీటు కిందా వెనకా ఉండే ప్లాస్టిక్ తొడుగుల దగ్గరికి వచ్చేసరికి సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క ఊపున లేపేస్తాడు. లోపల పటుక్కుమంటుంది. ఆ చప్పుడు ఆయనకూ వినబడుతుంది, బండి యజమానికీ వినబడుతుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడరు.

మాట్లాడాలి. ఎందుకంటే బండి వెనక భాగం అందం కోసం పెట్టింది కాదు. టెయిల్ లైటు, బ్రేక్ లైటు, ఇండికేటర్లు, వాటికి వెళ్ళే వైర్లు, నంబర్ ప్లేటు, వెనక కూర్చున్న మనిషి పట్టుకునే హ్యాండిల్, చీర చక్రంలో పడకుండా ఆపే శారీ గార్డ్, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. హ్యాండిల్ పట్టుకుని కూర్చునేది ఎవరు? మన అమ్మ, మన భార్య, చటికొన బుధవారం సంతకు బయలుదేరిన పక్కింటి అక్క. బండి నడిపేవాడి ప్రాణం హ్యాండిల్ బారు మీద ఉంటే, వాళ్ళ ప్రాణం వెనక బిగించిన ఆ నాలుగు బోల్టుల మీద ఉంటుంది. సర్వీసు అయ్యాక అవి సరిగా బిగించారో లేదో వాళ్ళు ఎప్పుడూ అడగరు. అడగాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇది నా చాదస్తం అనుకోవద్దు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ఇదే చెబుతుంది. వెనక మనిషి కూర్చునే వీలున్న ప్రతి మోటార్ సైకిల్‌కూ పట్టుకోవడానికి శాశ్వతమైన హ్యాండిల్, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. ఆ రక్షణ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా ఉండటానికే. కంపెనీ అన్నీ పెట్టి పంపిస్తుంది. ఒక ప్యానెల్ తీసి పెట్టే తొందరలో మనం వాటిని పోగొట్టుకుంటున్నాం. "స్టైల్‌గా లేదు" అని శారీ గార్డ్ పీకించేసి, అదే బండి మీద చెల్లెల్ని ఒకవైపు కూర్చోబెట్టుకుని తిరిగే కుర్రాళ్ళను చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

మన జిల్లాల్లో ఈ గొడవ ఎక్కువ కావడానికి ఒక కారణం ఉంది. దుమ్ము. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ తొందరగా నిండిపోతుంది. చాలా బళ్ళలో ఫిల్టర్, బ్యాటరీ, ఫ్యూజు సైడ్ కవర్ల వెనకే ఉంటాయి. అంటే మైదానంలో తిరిగే బండి కంటే మన బండి కవర్లు ఎక్కువసార్లు ఊడి ఎక్కుతాయి. ఊడిన ప్రతిసారీ ఒక లాక్, అంటే కవర్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్క, విరిగితే నాలుగో సర్వీసుకు కవర్ దేన్ని పట్టుకుని నిలబడుతుంది? దానికి తోడు చలి. పొట్టంగి, సెమిలిగుడ వైపు డిసెంబరు తెల్లవారుజామున ప్లాస్టిక్ బిరుసెక్కి ఉంటుంది. అప్పుడు వంచితే వంగదు, విరుగుతుంది. బండిని కాసేపు ఎండలో పెట్టి పని మొదలుపెడితే ఏం పోయింది?

ఒకసారి నా బండి టెయిల్ లైటు హోల్డర్ మార్చడానికి ఒక షాపులో ఇచ్చాను. షాపు పేరు అనవసరం. బండి తుడిచి మెరిసేలా ఇచ్చారు. సాలూరు ఘాట్ దిగుతుంటే వెనక నుంచి లారీ హారన్ ఆగకుండా మోగింది. పక్కకు ఆపితే డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "బాబూ, బ్రేకు కొడతంటే లైటు ఎలగట్లేదు, సూసుకో" అన్నాడు. ఆ మలుపుల్లో, మంచులో, వెనక లోడు లారీ. ఇంటికొచ్చి ప్యానెల్ విప్పి చూస్తే, బ్రేక్ లైటు వైరు ఫ్రేముకూ ప్యానెల్‌కూ మధ్య నలిగి, తొడుగు చీలి, లోపలి రాగి తెగిపోయి ఉంది. వెనక హ్యాండిల్‌కు ఒక బోల్టు లేనే లేదు. అడిగితే "అది లేకపోయినా పర్లేదు సార్" అన్నారు. పర్లేకపోతే కంపెనీ వాడు ఎందుకు పెడతాడు?

ఈ పని కష్టమైనది కాదు. ఓపిక ఉంటే చాలు. ముందు తాళంతో సీటు తీయాలి. చాలా మోడళ్ళలో వెనక హ్యాండిల్ తీయకుండా టెయిల్ ప్యానెల్ రాదు, కాబట్టి లాగకుండా ముందు ఆ బోల్టులు విప్పాలి. తర్వాత కనిపించే స్క్రూలు, కనిపించని స్క్రూలు. ప్యానెల్ కదలడం లేదంటే ఎక్కడో ఒక స్క్రూ మిగిలి ఉందని అర్థం. బలం చాల్లేదని కాదు. ఆగి వెతకాలి.

సైడ్ కవర్ సంగతి వేరు. దాని వెనక పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ ముక్కలు ఫ్రేముకున్న రబ్బరు బుష్‌ల్లో దిగి ఉంటాయి. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. లాక్ ఎక్కడుందో తడిమి చూసి, సరిగ్గా దాని దగ్గరే వేళ్ళు పెట్టి, పక్కకు వంచకుండా తిన్నగా బయటికి లాగాలి. ఒకటి వదిలాక రెండోది. తిరిగి పెట్టేటప్పుడు బుష్‌కు కాస్త సబ్బు నీళ్ళు రాస్తే మెత్తగా దిగుతుంది. ఆ బుష్ ఎండి పగిలిపోతే కొత్తది వేయాలి. చాలా చవకైన వస్తువు. అది లేకే కవర్ గడగడలాడేది, అది లేకే ఘాట్ రోడ్డులో ఎక్కడో రాలిపోయేది.

కొన్ని బళ్ళకు స్క్రూ బదులు గుండ్రటి ప్లాస్టిక్ రివెట్లు ఉంటాయి. వాటిలో ఎక్కువగా కనిపించే రకానికి మధ్యలో ఉన్న బొత్తాన్ని కొద్దిగా లోపలికి నొక్కితే అదే వదులవుతుంది. మనవాళ్ళు కటింగ్ ప్లయర్‌తో తల పట్టి పీకుతారు. ఇంకో చిన్న వస్తువు ఉంది, ఎవరూ పట్టించుకోనిది: బోల్టు కింద ఉండే చిన్న ఇనుప కాలర్, అంటే బోల్టు దూరే పొట్టి గొట్టం. బోల్టు బిగింపును అది మోస్తుంది, ప్లాస్టిక్ మీద పడనివ్వదు. అది నేల మీద దొర్లిపోయి, కాలర్ లేకుండా బోల్టు బిగిస్తే ప్లాస్టిక్ నలిగి రంధ్రం చుట్టూ చీలుతుంది. చీలాక ఫెవిక్విక్ పోస్తారు. ప్యానెల్ వెనక తిప్పి చూస్తే ఏ రకం ప్లాస్టిక్‌తో చేశారో అక్షరాల్లో ఉంటుంది: ఏబీఎస్ అనో, పీపీ అనో. ఏబీఎస్ అయితే జిగురు పట్టుకుంటుంది. పీపీకి మామూలు జిగురు నిలవదు, ఎంత పోసినా వృథా.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించాలి, ఆ తర్వాతే పానా పట్టాలి. ఒకటి పూర్తిగా బిగించేస్తే మిగతా రంధ్రాలు కలవవు, అక్కడే బలప్రయోగం మొదలవుతుంది. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడవుది వేస్తే దాని మొన వెళ్ళి వైరుకో టైరుకో తగులుతుంది. ఒక అట్టముక్క మీద ప్యానెల్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటే ఈ గందరగోళమే ఉండదు. వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్ విప్పేటప్పుడు దాని నాలుకను నొక్కి ప్లాస్టిక్‌నే పట్టుకుని తీయాలి, వైరు పట్టుకుని కాదు.

ఇదంతా మిస్త్రీల మీద కోపంతో రాయడం లేదు. వాళ్ళ దగ్గర పనిచేసే పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. "ఎంతసేపు, తొందరగా కానివ్వు" అని నెత్తి మీద నిలబడేది మనమే. ఇంజిన్ పనికి అడిగినంత ఇస్తాం, ప్యానెల్ ఓపికగా తీసి పెట్టినందుకు యాభై ఎక్కువ అడిగితే "దానికి కూడానా" అంటాం. ఆ యాభై ఇవ్వండి. నేను ఇస్తున్నాను, సంతోషంగా ఇస్తున్నాను.

కానీ ఇచ్చేముందు అక్కడే నిలబడి మూడు పనులు చేయండి. వెనక హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. ముందు బ్రేకు ఒకసారి, వెనక బ్రేకు ఒకసారి నొక్కి లైటు వెలుగుతోందో లేదో ఇంకొకర్ని చూడమనండి, హ్యాండిల్ బారు అటూ ఇటూ తిప్పుతూ కూడా. మిస్త్రీ బల్ల మీద మీ బండిది ఒక్క బోల్టు మిగిలి ఉన్నా, అది ఎక్కడిదో తేలి దాని చోటుకు చేరేదాకా తాళం చేతికి తీసుకోవద్దు.