ట్యూబ్‌లైటు ఆర్పు బావా!

సత్యనారాయణపురంలో మా ఇంట్లో పాత దెయ్యం సినిమా ప్రశాంతంగా చూడనివ్వరు గదా! 1922 నాటి మూకీ 'నోస్ఫెరాటు' పెట్టుకున్నా. మెట్ల పక్క గోడ మీద పిశాచి నీడ, పొడుగాటి వంకర వేళ్లతో పైకెక్కుతోంది. మనిషి కనపడడు, ఉత్త నీడే. సరిగ్గా అప్పుడే మా బావ వచ్చి టప్పున ట్యూబ్‌లైటు వేశాడు. "ఏరా, టీవీకి రంగు పోయిందా?" అంటూ. నీడ కాస్తా గోవిందా!

పైగా పునుగులు నములుతూ "ఇందులో భయమెక్కడుందిరా?" అని వెటకారం. నువ్వు స్విచ్చేసి తరిమేశావుగా బావా! 1960లో డైరెక్టర్ హిచ్‌కాక్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా 'సైకో'లో నెత్తురుకి చాక్లెట్ సిరప్ వాడితే తెర మీద అచ్చం రక్తంలాగే ఉంది. ఆ ముక్క చెప్పానో లేదో, చాక్లెట్ అనగానే పిల్లలంతా దిగారు. ఇక అక్కేమో వంటింట్లోంచి "కాస్త సౌండ్ పెంచరా, ఏం వినపడట్లా!" మూకీకి ఏం పెంచనే తల్లీ?