పోస్టు డబ్బా మీద ఇంటిపేరు

మా ఆఫీసులో ఇండియా నుంచి కొత్తగా ఎవరైనా చేరుతున్నారంటే హెచ్‌ఆర్ వాళ్లు చేసే పని ఒక్కటే. నలభై పేజీల పీడీఎఫ్ పంపి, దాని కింద నా ఫోన్ నంబరు పెడతారు. ఎనిమిదేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్న పాపానికి ఈ చాకిరీ నా నెత్తిన పడింది. చాకిరీ మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ పీడీఎఫ్ మీదే. అక్టోబర్‌ఫెస్ట్ అనే ఇక్కడి బీరు పండగ గురించి రెండు పేజీలు, ఇల్లు వెతుక్కోవడం గురించి ఒక్క పేరా!

జర్మనీలో అన్నిటికీ మూలం అడ్రసు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అందుకు ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. రోజుల లెక్కన గదులిచ్చేవాళ్లలో చాలామంది ఆ కాగితం ఇవ్వరు. నమోదు అయితేనే ట్యాక్స్ నంబరు వస్తుంది, అదీ పోస్టులో.

మొన్న కాకినాడ కుర్రాడొకడు వచ్చాడు. తిప్పలు పడి ఇల్లు పట్టాడు, నమోదు కూడా అయింది. మూడు వారాలైనా ఉత్తరం లేదు. "అన్నా, పోస్ట్‌మ్యాన్ మా ఇంటికే రావట్లేదన్నా" అని ఫోన్. వెళ్లి చూస్తే విషయం తెలిసింది. ఇక్కడ అపార్ట్‌మెంట్లలో మామూలుగా ఫ్లాట్ నంబర్లుండవు, డబ్బా మీద పేరు చూసే ఉత్తరం వేస్తారు. మనవాడు డబ్బా మీద తన ముద్దుపేరు రాసుకున్నాడు! ఉత్తరమేమో పాస్‌పోర్టులోని ఇంటిపేరుతో వచ్చి, వచ్చిన దారినే పోయింది. మన దగ్గర ఇంటిపేరు పేరుకు ముందు ఒక్క అక్షరంగా ముడుచుకుని కూర్చుంటుంది. ఇక్కడ డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా అదే ఉండాలి. ఈ ఒక్క ముక్క రాయడానికి హెచ్‌ఆర్‌కు ఎంతసేపు పడుతుంది?

డబ్బు సంగతి ఇంకా ఘోరం. హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్ల దాకా ఓనరు డిపాజిట్ అడగొచ్చు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది. అది తెలియక మనవాడు, వాళ్ల నాన్న చిట్టీ పాడి పంపిన డబ్బంతా ఒకేసారి కట్టేశాడు. జీతం నెలాఖరుకు. ఇల్లేమో ఖాళీ. ఖాళీ అంటే నిజంగా ఖాళీ: పొయ్యి లేదు, సింకు లేదు, సీలింగ్ నుంచి వైర్లు వేలాడుతున్నాయి.

విమానం టికెట్ కొనిచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. మొదటి రెండు నెలలకు నమోదు చేయించుకోవడానికి పనికొచ్చే గది, కొంత జీతం ముందుగా ఇవ్వండని మా మేనేజర్‌ను అడిగాను. "రూల్స్ అందరికీ ఒకటే" అన్నాడు. మ్యూనిక్‌లో పుట్టినవాడికీ కాకినాడ నుంచి రెండు సూట్‌కేసులతో దిగినవాడికీ ఒకటే రూలట!

సూట్‌కేసుల్లో మన తప్పూ ఉందనుకోండి. మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి ఇక్కడికి తేకూడదు. వాళ్లమ్మ కట్టిచ్చిన చికెన్ పచ్చడి, నెయ్యి ఎయిర్‌పోర్టులో చెత్తబుట్ట పాలయ్యాయి. ఆ సంగతీ పీడీఎఫ్‌లో లేదు.

వచ్చే నెల వరంగల్ నుంచి ఒకమ్మాయి వస్తోంది. ఈసారి నేనే ముందుగా ఫోన్ చేసి, "పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా రాసుందమ్మా?" అని అడిగాను.

"ఆ గడి ఖాళీగనే ఉందన్నా, పేరంతా ఒక్కచోటే రాసిచ్చిన్రు" అంది.