పాత కంప్యూటర్లు బాగుచేసుకునే వారిపై చర్య తీసుకోవాలి

దేశ ఆర్థిక వ్యవస్థకు ముప్పు ఎటు నుంచి వస్తోందో మన పెద్దలు గమనించడం లేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ కొట్లుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, ఒక సాయంత్రం కాసేపు నిలబడితే అర్థమవుతుంది. చంకలో పాత సీపీయూ పెట్టుకుని, "1155 మదర్‌బోర్డు ఉందా బాబూ?" అంటూ కొట్టు కొట్టూ తిరిగే మనుషులు కనిపిస్తారు. చూడ్డానికి పెద్దమనుషుల్లాగే ఉంటారు. మనసులో మాత్రం 2011లో కొన్న కంప్యూటర్‌ను ఇంకో ఐదేళ్లు లాగాలనే దురుద్దేశం ఉంటుంది.

మా వీధిలోనే అలాంటి వారొకరున్నారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన కంప్యూటర్‌లో పవర్ సప్లై పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోయింది. కొత్త సెట్టు కొనిస్తామని పిల్లలు బతిమాలారు. "పోయింది బోర్డే కదా, ఐ5 ప్రాసెసర్ ఏం పాపం చేసింది?" అన్నారాయన. ప్రాసెసర్ మీద జాలి! కొత్త స్టాకు అమ్ముకోలేక అల్లాడే డీలర్ల మీద ఎవరికైనా ఉందా?

ఇలాంటి వాళ్లు తయారవుతారని ప్రాసెసర్లు చేసే ఇంటెల్ వారు ముందే పసిగట్టారు. 2009లో సాకెట్‌కు, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకు, 1156 పిన్నులు పెట్టారు. 2011లో బాగా ఆలోచించి అందులో ఒకటి తీసేసి 1155 చేశారు. దాంతో కొత్త ప్రాసెసర్లకు పాత బోర్డులు పనికిరాకుండా పోయాయి. 2013లో 1150 అన్నారు. 2015లో మనసు మార్చుకుని ఒకటి కలిపి 1151 అన్నారు. అసలు మేధస్సు 2017లో బయటపడింది. పిన్నులు అవే 1151, ప్రాసెసర్ పాత బోర్డులో బుద్ధిగా కూర్చుంటుంది, కానీ పని చేయదు! లెక్క మార్చే శ్రమ కూడా లేకుండా కొత్త బోర్డు కొనిపించడమంటే మాటలా? పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వారికి ఇంత తెలివి ఎక్కడిది. 2016లో తెచ్చిన ఏఎమ్4 సాకెట్‌కే 2022లో కూడా కొత్త ప్రాసెసర్లు వదిలారు. పాత బోర్డులు పెట్టుకున్న వాళ్లు బోర్డులో ఉండే బయోస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకుని ఆ కొత్త ప్రాసెసర్లను బిగించుకున్నారు. దీన్ని వ్యాపారం అంటారా?

ఆఫీసుల కోసం కంప్యూటర్ డబ్బాలు తయారుచేసే పెద్ద బ్రాండ్లను కూడా మెచ్చుకోవాలి. చాలా మోడళ్లలో స్క్రూల చోట్లు వేరు, పవర్ కనెక్టర్ వేరు. బయట దొరికే బోర్డు అందులోకి చచ్చినా దూరదు. పద్మ పురస్కారాల కమిటీ ఎందుకో ఇటు చూడటం లేదు.

ఇంత కట్టుదిట్టం చేసినా ఒక కన్నం మిగిలిపోయింది. చైనాలో తయారైన, 1155 సాకెట్ ఉన్న హెచ్61 రకం బోర్డులు ఇప్పటికీ కొత్త అట్టపెట్టెల్లో వస్తూనే ఉన్నాయి. ఎవరూ వినని బ్రాండు, రెండు డీడీఆర్3 ర్యామ్ స్లాట్లు, రెండున్నర వేలు అటూ ఇటూ. కొన్నిటి మీద చిప్‌సెట్, అంటే బోర్డులోని ముఖ్యమైన చిప్, మాత్రం ఏ పాత బోర్డు నుంచో ఊడదీసి అతికించినదే. పెట్టె కొత్తదే కాబట్టి మర్యాదస్తులు అక్కడితో ఆగిపోవాలి. మాస్టారు ఆగలేదు.

"సెకండ్‌హ్యాండ్‌లో మంచి కంపెనీది ఉందా?"

"ఉంది సార్, ఇంకా తక్కువకే ఇస్తా."

"వారంటీ?"

"టెస్టింగ్ వారంటీ సార్."

అంటే కొట్టులో వెలిగితే చాలు, మెట్లు దిగాక దాని ఖర్మ దానిది. ఇంత నిజాయితీగా చెప్పాక కూడా ఆయన జేబులోంచి భూతద్దం తీసి, సాకెట్ మూత ఎత్తి పిన్నులు చూడసాగారు. ఈ రకం సాకెట్లలో పిన్నులుండేది ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకే. వెంట్రుకంత పిన్ను ఒక్కటి వంగినా ఒక ర్యామ్ స్లాట్ మూగబోవచ్చు. ఈ సంగతి కొట్టువాడికి తెలిస్తే అనుభవం, కొనేవాడికి తెలిస్తే చాదస్తం. తర్వాత కెపాసిటర్లు ఉబ్బాయేమో తడిమారు. క్యాబినెట్ వెనక బిగించే రేకు ఏదీ అన్నారు. బోర్డు పెట్టి డిస్‌ప్లే చూపించమన్నారు. చూపించాక రెండో స్లాట్‌లోకి ర్యామ్ మార్చి మళ్లీ చూపించమన్నారు. ఆ కొట్టు కుర్రాడు ఇంకా పెళ్లి కానివాడు, సంసారం మీద విరక్తి పుట్టకుండా ఉండాలి.

మాస్టారు బోర్డు కొనేశాక, చివరి కోటగా విండోస్ మీద ఆశ పెట్టుకున్నాను. కంప్యూటర్‌తో పాటు వచ్చిన లైసెన్సు మదర్‌బోర్డుకే ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే మైక్రోసాఫ్ట్ లెక్కలో అది వేరే కంప్యూటర్. పైగా విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్‌కు ముందున్న వాటిని దాదాపుగా గడప తొక్కనివ్వదు. ఈయనది రెండో జనరేషన్. ఇక లొంగక తప్పదనుకున్నాను.

మాస్టారు విండోస్ బదులు లినక్స్ వేసుకున్నారు. ఉచితమట. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఒక ఎస్‌ఎస్‌డీ తగిలించారు, కాఫీ కలిపేలోగా తెర వెలుగుతోందట. బోర్డు మీద కనీసం 18 శాతం జీఎస్టీ అయినా వచ్చింది, ఈ లినక్స్ మీద అదీ లేదు. సున్నా మీద 18 శాతం ఎంతవుతుందో ఆర్థిక శాఖ వారు వెంటనే తేల్చి, నోటీసు పంపాలి.