ముందు పెట్టె దించండి

నెల్లూరు ఆటోనగర్‌కు ఒక సిద్ధాంతం ఉంది. బండికి ఏ జబ్బు చేసినా ముందు గేరుపెట్టె దించాలి, జబ్బేమిటో తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ఈమధ్య కొందరు కుర్రవాళ్లు సెల్‌ఫోన్లో సర్వీసు మాన్యువల్ చూసి, నూనె మట్టం చూశారా, వాక్యూమ్ గొట్టం పీకి చూశారా, ప్రెషర్ గేజ్ తగిలించారా అని అడగడం మొదలుపెట్టారు. ఇది పెద్దల మీద తిరుగుబాటు. మొగ్గలోనే తుంచకపోతే, రేపు రోడ్డు తవ్వేముందు కింద పైపు ఎక్కడుందో చూడమంటారు.

మా బాబాయిగారి 1965 ఇంపాలా కారు విషయమే తీసుకోండి. గూడూరు వైపు అభ్రకం గనులవాళ్ల ఇంటి నుంచి చేతులు మారి వచ్చిన బండి. దాని పెట్టె గేర్లు తనంతట తానే మార్చుకునే పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ రకం, షెవర్లే కంపెనీ 1950లో ఆ పేరుతో మొదలుపెట్టింది. పదిహేడు అడుగులు దాటిన కారుకు ముందుకు పోయే గేర్లు రెండే. మా ట్రంకు రోడ్డులో రెండోది పడేంత ఖాళీ దొరకదు కాబట్టి ఆ ఒక్కటీ అలంకారం కిందే లెక్క.

ఉన్నట్టుండి సైలెన్సర్లోంచి తెల్లటి పొగ. ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. గేరు నూనె తగ్గుతోంది, నేలమీద మాత్రం చుక్క కారడం లేదు. టీకొట్టు దగ్గర నిపుణుల సంఘం కూర్చుంది.

"పొగ జూస్తే తెలీట్లా అన్నా? రింగులు బొయినయ్."

"రింగులు గాదు, క్లచ్చి ప్లేటు."

"దీనికి క్లచ్చి పెడలే ల్యా గదయ్యా" అన్నారు బాబాయి.

"ఎవురో పీకేసుంటారు సామీ."

మూడో నిపుణుడు తోద్దామన్నాడు. ఆగిన బండిని తోయడం మన జిల్లాలో పౌరహక్కు. అమెరికావాళ్లు దాన్నే హరించారు. ఆటోమేటిక్ పెట్టెలో క్లచ్చులను నూనె ఒత్తిడి పట్టి ఉంచుతుంది, ఆ ఒత్తిడి ఇంజను తిప్పే పంపు నుంచి వస్తుంది. ఇంజను ఆగితే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే చక్రాలు ఎంత తిరిగినా ఇంజనుకు ఆ కబురు అందదు. తొలినాళ్ల పెట్టెల్లో కొన్నిటికి వెనక ఇంకో పంపు ఉండేది, తోస్తే అందుకునేవి. తర్వాత్తర్వాత దాన్నీ తీసేశారు. వీధిలో నలుగురు కలిసి చేసే పని ఒక్కటి మిగిలితే అదీ పోయింది.

గేరు నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ గురించి కూడా చెప్పాలి. ఇంజను బాగా వేడెక్కాక, చదును నేలమీద నిలిపి, న్యూట్రల్లో పెట్టి, ఇంజను ఆడుతుండగానే మట్టం చూడాలట. ఆపి చూస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుందట. నూనె ఎర్రగా ఉంటే క్షేమం, గోధుమరంగు తిరిగి మాడు వాసనొస్తే లోపల క్లచ్చు ప్లేట్లు కాలాయి, పాలు కలిపినట్టు గులాబీరంగుంటే రేడియేటర్లోంచి నీళ్లు చేరాయి. ఇంత సమాచారం ఒక ఇనప పుల్ల చెప్పేస్తే, ముప్పై ఏళ్ల అనుభవమున్న మేస్త్రిని ఏం చేసుకోవాలి? (ఆ పాతకాలపు నూనెలో తిమింగలం కొవ్వు కూడా కలిసేదన్న సంగతి కోడిగుడ్డు కూడా ముట్టని బాబాయికి మేమెవ్వరం చెప్పలేదు. 1970ల మొదట్లో అమెరికాలో దాన్ని నిషేధించారు లెండి.)

మేస్త్రి పుల్ల జోలికి పోలేదు. పెట్టె దించాడు. లోపల ప్లేట్లు శుభ్రంగా ఉన్నాయి. ఇక్కడ సామాన్యుడైతే తగ్గేవాడు. "దించినాక ఊరికే యెట్టా ఎక్కిస్తాం?" అని మొత్తం విప్పాడు. న్యాయమైన మాటే.

కొత్త ప్లేట్లను, పెసరట్టుకు పెసలు నానేసినట్టు, బిగించేముందు గేరు నూనెలో నానబెట్టాలని మాన్యువల్ గోల. మేస్త్రి పొడిగానే బిగించాడు, ఎలాగూ లోపల తడుస్తాయి కదా. నూనెను ఎటు పంపాలో చూసుకునే వాల్వ్ బాడీ తుడవడానికి నూలు రాలే గుడ్డ వాడకూడదట, ఒక్క పోగు అడ్డం పడినా వాల్వు ఇరుక్కుంటుందట. పాత బనియన్ తెచ్చాడు. థ్రస్ట్ వాషర్లు జారిపోకుండా వ్యాజిలీన్ రాస్తే అది వేడి నూనెలో కరిగిపోతుంది, గ్రీజు కరగక సన్నటి దారుల్లో అడ్డం పడుతుంది. మేస్త్రి గ్రీజే రాశాడు, ఎందుకంటే షెడ్డులో ఉన్నది గ్రీజు. లో గేరు కోసం డ్రమ్మును చుట్టి పట్టే బ్యాండును లెక్కగా బిగించి, మళ్లీ కొత్తదైతే మూడు చుట్లు, పాతదైతే నాలుగు చుట్లు వదులు చేయమని చదివి వినిపిస్తే మాత్రం ఆయనకు కోపమొచ్చింది. "వదులు జేసే దానికి బిగించడం యాలబ్బా?"

అంతా అయ్యాక ఒక స్నాప్ రింగు, ఒక వాషరు మిగిలాయి. కంపెనీవాళ్లు ఎక్కువేసి పంపారని తీర్మానించి డబ్బాలో దాచారు.

ఇక ఇంజను శక్తిని నూనె ద్వారా పెట్టెకు అందించే టార్క్ కన్వర్టర్. దాన్ని నెడుతూ తిప్పుతూ పోతే పంపు గాడిలోకి దానంతటది కూర్చోవాలి. కూర్చోకముందే బోల్టులు పట్టేస్తే విరిగేది పంపే. "బోల్టు బిగిస్తే అదే గూర్చుంటది" అన్నారు. కూర్చుంది, పంపు రెండు ముక్కలయ్యాక. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్లో హైడ్రామాటిక్‌గా పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకులెక్కి బతికొచ్చిన ఆటోమేటిక్ పెట్టెల జాతి ఇది. ఆటోనగర్ గురించి దాని తయారీదారులు ఆలోచించి ఉండరు.

అమెరికా నుంచి కొత్త పంపు తెప్పించి, మళ్లీ దించి ఎక్కించి స్టార్ట్ చేస్తే అదే తెల్లపొగ. అప్పుడు షెడ్డులో టీలు మోసే పిల్లవాడు ఇంజను నుంచి పెట్టెకు తగిలించిన సన్న వాక్యూమ్ గొట్టం పీకి చూపించాడు. లోపల ఎర్రటి నూనె. ఆ గొట్టం చివర, ఇంజను పీల్పును బట్టి పెట్టెలో నూనె ఒత్తిడిని సర్దే వాక్యూమ్ మాడ్యులేటర్లో పొర చిరిగితే ఇంజను ఆ గొట్టంలోంచి గేరు నూనెను పీల్చి కాల్చేస్తుంది. నూనె తగ్గడమూ, పొగా, బండి కదలకపోవడమూ అన్నీ దాని వల్లే. అరచేతిలో పట్టే ఆ ముక్క ఒక్క స్పానరుతో ఊడుతుంది. పిల్లవాణ్ణి మందలించి పంపారు.

కొత్త మాడ్యులేటర్ వచ్చి బాబాయి టేబులు మీద కూర్చుంది, బిగించేవాడే దొరకడం లేదు. ఒకరిద్దరు ఒప్పుకున్నారు గానీ, పెట్టె దించకుండా అయితే తమ వల్ల కాదన్నారు.