గైడు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ఆల్ ఇన్ వన్ గైడు గారికి, శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల సైన్సు మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగనవసరం లేదు. జూన్‌లో పాఠ్యపుస్తకాలు ఇంకా దారిలో ఉండగానే మీరు మా ఊరి దుకాణంలో దిగిపోతారు. పిల్లల సంచుల్లో నీళ్ల సీసాను ఓ పక్కకు నెట్టి మరీ కూర్చుంటారు.

ఈ ఉత్తరానికి కారణం ఒక నేరం. మొన్న పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతుంటే మొదటి పత్రంలో 'కిరాణజన్య సంయోగక్రియ' కనిపించింది. కిరణానికి దీర్ఘం తగిలి ఆకులో కిరాణా కొట్టు వెలిసిందన్న మాట. సరే, పిల్లవాడు, పొరపాటు. రెండో పత్రంలోనూ కొట్టు తెరిచే ఉంది. మూడో దానిలోనూ అంతే. నలభై రెండు పత్రాల్లో ముప్పై తొమ్మిదింటిలో అదే వ్యాపారం. మిగిలిన ముగ్గురు ఆ ప్రశ్న వదిలేసి పరువు దక్కించుకున్నారు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో బొమ్మ గీసుకున్నాను, చూచిరాత అనుకున్నాను, కాదనుకున్నాను. చివరికి మీ 38వ పేజీ తెరిస్తే మూడో వరుసలో దొరికిపోయారు.

నిజం చెప్పాలంటే ఆ అరగంట నాకు పండగలా గడిచింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో దిద్దే పని అంత రుచిగా ఎప్పుడూ లేదు. ఆ రుచే పిల్లల నోటికి అందకుండా మీరు అడ్డుపడుతున్నారని నా ఫిర్యాదు.

మా నాయనమ్మ పొడుపు కథ వేసేది. 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు.' వేసి, తన పాటికి తాను చింతపండులో గింజలు తీసుకుంటూ కూర్చునేది. మేము ఇంట్లో ఉన్న తలుపులన్నీ వేసి చూసేవాళ్లం, బీరువా తలుపుతో సహా. ఓడిపోయామని ఒప్పుకుంటే తప్ప విప్పేది కాదు. అదే కథ మీ చేతికి ఇస్తే 'జవాబు: కనురెప్పలు' అని ముందు అచ్చువేసి, కింద 'తలుపులతో పోలిక, రెండు మార్కులు' అని చేర్చి, పక్కన నక్షత్రం గుర్తు పెడతారు. ఆ బీరువా తలుపు దాకా వెళ్లే అవసరం ఏ పిల్లవాడికి ఉంటుంది?

ఒకసారి మీమీద కుట్ర కూడా చేశాను, ఒప్పుకుంటున్నాను. పొందూరులో తెలిసినవారి ఇంటి నుంచి ఒక ఎముక అడిగి తెచ్చి, ఏమీ చెప్పకుండా తొమ్మిదో తరగతి బల్ల మీద పెట్టాను. వంపు తిరిగిన చిన్న ఎముక, దాని అంచున వెంట్రుకల్లా సన్నని పళ్లు. పాముదన్నారు, దువ్వెన అన్నారు. వెనక బెంచీలో ఎప్పుడూ నిద్రపోయే కుర్రవాడు లేచి వచ్చి దానిని చొక్కా చేతికి రాశాడు. పళ్లకు నూలు పోగులు తగులుకున్నాయి. 'మాస్టారూ, ఇది దేన్నో పట్టుకోవడానికి' అన్నాడు. జేబులోంచి గింజతో ఉన్న కొండపత్తి తీసి ఇచ్చాను. రెండు మూడు సార్లు దువ్వేసరికి చెత్త కింద రాలింది, పోగులన్నీ ఒక దిక్కుకు తిరిగాయి. అది వాలుగ చేప దవడ. పొందూరు ఖద్దరు పని మొదలయ్యేది ఆ పళ్ల దగ్గరే.

ఈ హడావిడి అంతా జరుగుతుంటే మొదటి బెంచీ కుర్రవాడు మిమ్మల్ని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పుతున్నాడు. చివరికి అడిగాడు: 'ఇది ఏ సబ్జెక్టు మాస్టారూ?'

ఏమని చెప్పను? చేప జీవశాస్త్రంలో ఉంది. రాట్నం సాంఘికశాస్త్రంలో గాంధీగారి పక్కన ఉంది. లెక్కల మాస్టారు వచ్చి తన వాటా పుచ్చుకున్నారు. నూరో నంబరు నూలు అంటే ఒక్క పౌను బరువులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, నూరు, మొత్తం 84,000 గజాలు. కిలోమీటర్లలో దాదాపు 77. అరకిలో కూడా లేని దూది కొస శ్రీకాకుళంలో పట్టుకుని నడిస్తే విజయనగరం చేరిపోవచ్చు. అది విని తెలుగు పంతులమ్మ కూడా గుమ్మంలో నిలబడిపోయారు. ఆ రోజు నాలుగో పీరియడు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

తమకు ఇలాంటి గోల నచ్చదని తెలుసు. మా జిల్లాలోని తేలినీలాపురం పక్షుల గురించి మీలో ఒక్క ముక్కలో తేల్చేశారు, సైబీరియా నుంచి వస్తాయని. గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకునేది ఇక్కడైతే వాటి సొంత ఊరు సైబీరియా ఎలా అవుతుందని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. అక్కడ గూళ్లు కట్టే మచ్చల ముక్కు పెలికాన్లు, రంగుల కొంగలు మన దేశపు పక్షులేనని ఆమెకు తెలియకుండానే దారి పట్టుకుంది. బొబ్బిలి వీణ గురించి 'పనస కర్రతో చేస్తారు' అన్నారు. పనసే ఎందుకు, మామిడి పనికిరాదా అన్న మాట మీకు తట్టలేదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది అరసవల్లి. మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దుటి కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలు తాకడం మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. 'శిల్పుల నైపుణ్యం వల్ల' అని మీ జవాబు. శిల్పులకు దండం. కానీ ఏడాదికి రెండుసార్లే ఎందుకు? ఈ నెలలే ఎందుకు? ఒక వారం గడువిచ్చాను. నాలుగో రోజున ఒక అమ్మాయి గోడ క్యాలెండరునే మేకుతో సహా ఊడదీసి తెచ్చింది. పాల లెక్కల మధ్య పెన్సిలు గీతలు. మార్చి 10 నుంచి జూన్ 21 దాకా లెక్కపెట్టింది, 103 రోజులు. జూన్ 21 నుంచి అక్టోబరు 2 దాకా పెట్టింది, 103 రోజులు. తప్పు చేశానేమోనని మళ్లీ లెక్కపెట్టిందట, వాళ్ల అన్నయ్య చేత కూడా పెట్టించిందట. 'ఉత్తరంగా వెళ్లినవాడు జూన్ 21న వెనక్కి తిరిగి, వెళ్లిన దారినే వస్తున్నాడు మాస్టారూ, అందుకే రెండుసార్లు గుడి ముందు నుంచి పోతాడు' అంది. ఈ మాట చెబుతున్నప్పుడు ఆ పిల్ల ముఖం ఉన్న పేజీ మీలో ఎక్కడైనా ఉంటే చూపించండి.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ ఒక బాకీ ఉంది. ఇక్కడికి బదిలీ కాకముందు నేను ఉద్దానంలో పనిచేశాను. కొబ్బరి, జీడి తోటలు, వాటి మధ్య కిడ్నీ జబ్బు. ఒక కుర్రవాడు సోమవారం, గురువారం బడికి రాడు, తండ్రిని డయాలసిస్‌కు తీసుకువెళ్లాలి. ఒకరోజు నీటి కాలుష్యం పాఠం చెబుతుంటే లేచాడు. 'ఆ బోరు నీళ్లే మా నాన్న తాగాడు, మా అమ్మా తాగింది. నాన్నకే ఎందుకు వచ్చింది మాస్టారూ?'

నీళ్లు, నేలలోని సిలికా, ఎండలో పని, నొప్పి మాత్రలు... ఎన్నో అనుమానాలు ఉన్నాయి, ఎందరో పరిశోధకులు వచ్చి వెళ్లారు. ఇదీ కారణం అని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆ సంగతే వాడికి చెప్పాను. వాడు కూర్చుని, నోటు పుస్తకం చివరి పేజీ తీసి, తమ ఇంట్లో ఎవరు ఎక్కడ పనిచేస్తారో, ఏ బోరు నీళ్లు తాగుతారో గళ్లు గీసుకోవడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి మిమ్మల్ని తెరిచాను, ఎందుకో నాకే తెలియదు. 'కలుషిత నీరు తాగరాదు. కాచి చల్లార్చి తాగవలెను.' నక్షత్రం గుర్తు కూడా ఉంది.

మీదొక్కరిదే తప్పని అనను. నా బీరువాలో 2009 నుంచి మీ ప్రతులు వరసగా ఉన్నాయి. పాఠ్యప్రణాళిక రాయవలసిన ఆదివారం సాయంత్రాలు మీరు లేకపోతే నా గతి ఏమయ్యేదో దేవుడికి తెలుసు. ఎముక పాఠం చెప్పిన వారంలోనే ఇద్దరు తండ్రులు బడికి వచ్చి, మాస్టారు జవాబులు చెప్పకుండా పిల్లల్నే అడుగుతున్నాడని ప్రధానోపాధ్యాయుడి దగ్గర మొర పెట్టుకున్నారు. జీతం ఎవరికిస్తున్నారో తెలుసుకోవాలనుకున్నారు పాపం. నేను తల వంచుకుని, పరీక్షలకు ముందు ముఖ్య ప్రశ్నలు చెబుతానని మాటిచ్చాను. చెప్పాను కూడా, మీలోంచే.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
సైన్సు మాస్టారు

తా.క.: ఈ ఏటి మీ కొత్త ముద్రణ నిన్ననే అందింది. 38వ పేజీ మూడో వరుస సరిదిద్దారు, కిరాణా కొట్టు ఎత్తేశారు. ఇక దొంగ దొరకడు.